ఎక్కడ రాసుంది సార్?

2024 జూన్ 18, మంగళవారం

బడులు తెరిచి వారం కాలేదు. కొత్త పుస్తకాల వాసన ఇంకా పోలేదు. ఏడో తరగతి సాంఘికశాస్త్రంలో కాకతీయుల పాఠం మరోసారి చదువుకున్నాను. మన రాష్ట్ర చరిత్ర పాఠాలన్నింటిదీ ఒకటే తీరు. శాసనాల పేర్లుంటాయి, శాసనాలుండవు. ఏ వాక్యం రాతి మీంచి వచ్చిందో, ఏది చరిత్రకారుడు రెండు ఆధారాలు కలిపి చేసిన ఊహో, ఏది రాజు తన గురించి తాను చెప్పుకున్న గొప్పో పిల్లవాడికి తెలిసే దారి లేదు. అన్నీ ఒకే అచ్చులో, ఒకే గొంతుతో ఉంటాయి. అందుకే పిల్లలు చరిత్రను ఎక్కం లాగా బట్టీ పడతారు. ఎక్కాన్ని ఎవరూ ప్రశ్నించరు కదా.

ఈ ఏడాది పాఠానికి ఒక్క పత్రమైనా పిల్లల చేతుల్లో పెట్టాలి. మనకు కావలసిన మూడు లైన్లు కత్తిరించిన ముక్క కాదు, మొత్తం. దానంలో ఎంత భూమి, ఏ కాలువ కింద, సాక్షులెవరు, ఆఖరున శాపమేమిటి, అన్నీ ఉండాలి. విసుగు పుట్టించే భాగంలోనే ఆ కాలపు మనుషులు దొరుకుతారు.

జూలై 5, శుక్రవారం

ఏడో తరగతిలో మోటుపల్లి. గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం. ఇప్పటి బాపట్ల జిల్లాలో, సముద్రం ఒడ్డున, వీరభద్రుడి గుడి దగ్గరి స్తంభం మీద ఉంది. అందులోని సంగతిని నేటి తెలుగులోకి మార్చి, వరుస తప్పకుండా, ఏదీ వదలకుండా రెండు పేజీల్లో రాసి ఇచ్చాను.

అందులో ఉన్నది ఇదీ: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడ తుపానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, పూర్వపు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసేసుకునేవారు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద సాహసం చేసినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వాళ్లకే వదిలిపెడుతున్నాం. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. తర్వాత సరుకుల జాబితా: గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు.

ప్రశ్నలు నేను అడగలేదు. "చదివి, మీకొచ్చిన అనుమానాలు రాయండి" అన్నాను. ఎప్పుడూ నోరు తెరవని చివరి బెంచీ పిల్లవాడు లేచాడు. "సార్, మన రాజు దొంగతనం బంద్ చేసిండంటే అంతకుముందు రాజులందరు దొంగలే అన్నట్టు గదా?"

ఒక రాజు ఫలానా పని ఆపానని రాయించాడంటే ఆ పని జరుగుతూ ఉండేదని అర్థం. పరిశోధన చేసేవాళ్లు ఏళ్ల తరబడి అలవాటు చేసుకునే చూపు ఇది. ఇంకో అమ్మాయి, కీర్తి, పుణ్యం అని రాశాడు గానీ సుంకం వల్ల తనకొచ్చే లాభం సంగతి రాయలేదేమని అడిగింది. సమాధానం చెప్పబోయి ఆగిపోయాను. దాని జవాబు పక్కనున్న అమ్మాయే చెప్పింది. భయం లేకపోతే ఓడలు ఎక్కువ వస్తాయి, ఓడలు ఎక్కువ వస్తే ముప్పైలో ఒక వంతు కూడా ఎక్కువే అవుతుంది. లెక్కల సార్ వింటే సంతోషించేవారు.

జూలై 12, శుక్రవారం

మార్కోపోలో. వెనిస్ వర్తకుడు, పదమూడో శతాబ్దం చివర్లో మన తీరం గురించి రాసినవాడు. మోటుపల్లిని ముట్ఫిలి అన్నాడు. సాలెగూడంత సన్నని బట్టల గురించి, లోయల్లో మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయని, డేగలు ఆ ముక్కలను ఎత్తుకొస్తాయని రాశాడు. పిల్లలు డేగల దగ్గర ఆగిపోతారని తెలుసు, ఆగిపోయారు. పది నిమిషాలు డేగలకే వదిలేశాను.

అసలు పని తర్వాత. ఆ రాజ్యాన్ని ఏలుతున్న రాణి న్యాయంగా పాలిస్తుందని మెచ్చుకుంటూ, ఆమె చనిపోయిన రాజు భార్య అని, భర్త పోయాక 40 ఏళ్లుగా ఏలుతోందని రాశాడు. ఆ రాణి రుద్రమదేవి. గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. ఆమె భర్త నిడదవోలు చాళుక్యుల వీరభద్రుడు. ఆమె ఏలిందీ 40 ఏళ్లు కాదు.

"ఆ కాలంలోనే ఉన్నోడు గూడ తప్పు రాస్తడా?" పిల్లలకు ఇది నిజంగా దెబ్బ. పాతదైతే నిజమేనని వాళ్ల నమ్మకం. వాళ్లదే కాదు, చాలామంది పెద్దలదీ అదే. రేవులో చెప్పుకునే మాటలు విని రాసిన వర్తకుడి రాతకీ, రాజు రాతి మీద చెక్కించుకున్న మాటకీ, ఊరి కరణం రాసుకున్న లెక్కకీ వేర్వేరు బలాలు, వేర్వేరు బలహీనతలు ఉంటాయి. మార్కోపోలో బంధుత్వంలో తప్పాడు, కానీ ఒక స్త్రీ రాజ్యమేలుతోందన్న సంగతి సముద్రాలు దాటి వెళ్లిందనడానికి అతనే సాక్షి. తప్పు రాసిన సాక్షిని వెళ్లగొట్టకూడదు. ఏ విషయంలో నమ్మాలో, ఏ విషయంలో నమ్మకూడదో తేల్చుకోవాలి. ఈ మాటను బోర్డు మీద రాయలేదు. ఇంకో నాలుగు పత్రాలు చూశాక వాళ్లే చెప్పాలి.

జూలై 23, మంగళవారం

జిరాక్స్ ఖర్చు గురించి ఒక్క మాట. అందరికీ తలా ఒకటి అక్కర్లేదు. నలుగురికి ఒక కాగితం ఇస్తేనే మంచిది, నలుగురి తలలూ ఒకచోట చేరతాయి, పోట్లాట మొదలవుతుంది. పెద్ద కాగితం మీద అచ్చు పెద్దదిగా, చుట్టూ రాసుకోవడానికి ఖాళీ వదిలి తీయించాలి.

ఆగస్టు 10, శనివారం

రెండో శనివారం సెలవు. ఇళ్లలో ఒప్పుకున్న పిల్లలను తీసుకుని రెండు ఆటోల్లో చందుపట్లకు. నకిరేకల్ మండలం, మాకు దూరమేం కాదు. మన పక్క ఊళ్లోని రాయి రాష్ట్ర చరిత్రలో ఒక తేదీని నిలబెట్టిందని ఈ పిల్లల్లో ఒక్కరికీ తెలియదు.

వెళ్లేముందే అచ్చులో ఉన్న శాసన పాఠం తరగతిలో చదివించాను. శకవర్షం 1211, విరోధి సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. కాకతి రుద్రదేవ మహారాజు శివలోకానికి వెళ్లారు, మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్లాడు, వాళ్ల పుణ్యం కోసం ఆ నాయకుడి కొలువులోని పువ్వుల ముమ్మడి దేవుడికి భూమి దానమిచ్చాడు. రుద్రదేవ మహారాజు అంటే రుద్రమదేవే. ఆమె శాసనాల్లో చాలాచోట్ల మగ పేరుతోనే కనిపిస్తుంది.

తేదీ లెక్క పిల్లలే కట్టారు. శకవర్షానికి 78 కలిపితే 1289. మార్గశిరం కాబట్టి సంవత్సరం చివర. పండితులు తేల్చిన రోజు 1289 నవంబరు 27. జనవరి మొదలయ్యాక వచ్చే మాసమైతే 79 కలపాలి. ఆ తేడా చూపించడానికి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం చెప్పాను. శక 1084 మాఘం, అది 1163 జనవరి అవుతుంది. ఈ చిన్న లెక్క పిల్లలకు ఎంత ధైర్యమిస్తుందో! పుస్తకంలోని ఒక తేదీని తామే కట్టగలిగామన్న ధైర్యం.

రాయి దగ్గర మొదట అందరికీ నిరాశే. ఎండలో చూస్తే గీతలు తప్ప ఏమీ కనబడవు. సుద్ద రుద్దుదామన్నారు, వద్దన్నాను. రుద్దిన కొద్దీ అక్షరం అరిగిపోతుంది. ఇంటి నుంచి తెచ్చిన దుప్పటి కప్పి, కింద చీకటి చేసి, టార్చి లైటును రాతికి ఆనించినంత దగ్గరగా పక్కనుంచి వేశాం. అడ్డంగా పడిన వెలుగుకు ప్రతి గాడిలోనూ నీడ నిలిచింది. అక్షరాలు లేచి వచ్చాయి. దుప్పటి కింద ఒకేసారి ఇద్దరికే చోటు. వంతులవారీగా దూరారు. అచ్చు పాఠం చేతిలో పట్టుకుని తెలిసిన అక్షరాలు వేటాడారు. ఒకరికి 'ర' దొరికింది, అది ఇప్పటి 'ర'లాగే ఉందని కేక. 'క' దొరకడానికి ఆలస్యమైంది, తలకట్టు వేరుగా ఉంది. రాతి మీద వేలు పెట్టకుండా గాలిలోనే అక్షరం వెంట వేలు తిప్పుతూ ఒక అమ్మాయి "ఇక్కడ ఉలి జారినట్టుంది సార్" అంది. జారిందో, తర్వాత ఎవరైనా పెచ్చు లేపారో నాకూ తెలియదు. చెక్కిన చేతి గురించి ఆలోచించిందే, అది చాలు.

పాతకాలంలో శాసనాల ప్రతి ఎట్లా తీసేవారో కూడా చెప్పాను. తడిపిన కాగితం రాతి మీద పరిచి, బ్రష్‌తో కొట్టి, గుంటల్లోకి దిగాక పైన సిరా అద్దుతారు. ఇవాళ అది చేయలేదు. నేర్చినవాళ్లు చేయాల్సిన పని.

ఆగస్టు 12, సోమవారం

తరగతిలో చందుపట్ల మీద వాదన. పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో రుద్రమ తన మీద తిరగబడిన సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో మరణించిందని ఉంటుంది. రాయి చూసొచ్చిన అమ్మాయి నేరుగా అడిగింది. "యుద్ధంల చచ్చిపోయిందని గా రాయి మీద ఎక్కడ రాసుంది సార్? శివలోకం పోయిందనే ఉన్నది గదా."

నిజమే. యుద్ధమన్న మాట ఆ శాసనంలో లేదు. ఇక్కడే ఇంకో శాసనం ఇచ్చాను. ఆంధ్రప్రదేశ్‌లోని త్రిపురాంతకంలో 1290లో కాయస్థ అంబదేవుడు వేయించినది. తను గెలిచినవాళ్లందరినీ వరుసపెట్టి చెప్పుకుంటూ, మల్లికార్జునపతికి, అంటే చందుపట్లలో పేరున్న రుద్రమ సేనాని మల్లికార్జున నాయకుడికి, సప్తాంగాలు లేకుండా చేశానంటాడు. సప్తాంగాలంటే రాజు, మంత్రి, కోట, ఖజానా, సైన్యం లాంటి రాజ్యపు ఏడు అంగాలు. సేనాని సప్తాంగాలు పోవడమంటే వాటిలో మొదటిదైన రాజు కూడా పోయినట్టేనని, చందుపట్లలో రాణి మరణమూ ఆ సేనాని మరణమూ ఒకే వాక్యంలో ఉన్నాయని, కాబట్టి ఇద్దరూ ఆ యుద్ధంలోనే పోయి ఉంటారని చరిత్రకారులు కలిపారు. మంచి తర్కం. కానీ తర్కం.

పిల్లలు రెండు జట్లయ్యారు. ఒక జట్టు: ఇద్దరూ ఒకేసారి పోతే యుద్ధం కాక ఇంకేమిటి? రెండో జట్టు: రాణిని చంపినవాడు రాణిని చంపానని చెప్పుకోడా? సేనాని పేరు రాసి రాణి పేరెందుకు వదిలేస్తాడు? మొదటి జట్టు దగ్గర దానికి జవాబు వెంటనే రాలేదు. కాసేపటికి ఒకడు, ముసలి రాణిని చంపానంటే పరువు తక్కువని వదిలేసి ఉంటాడన్నాడు. ఆధారం లేదని రెండో జట్టు కొట్టేసింది. నేను ఏ జట్టులోనూ చేరలేదు. గంట కొట్టినా కూర్చునే ఉన్నారు. ఏడో తరగతి పిల్లలు పన్నెండేళ్లవాళ్లు. వీళ్లకు ఇంత కష్టమైనది ఎక్కుతుందా అని అడిగేవాళ్లు ఒకసారి వచ్చి ఈ గంటసేపు వెనక బెంచీలో కూర్చోవాలి.

సెప్టెంబరు 4, బుధవారం

పరిశీలనకు వచ్చినాయన సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని అడిగారు. చెప్పాను, ఒక పాఠం వెనకబడి ఉన్నాం. రాళ్ల మీద గంటలు పెడితే ఎట్లా అన్నారు. పిల్లల నోట్సులు తెరిచి చూపించాను. చదివారు, ఏమీ అనలేదు. వెనకబడిన పాఠాన్ని శనివారాల్లో లాగుతాను.

సెప్టెంబరు 17, మంగళవారం

ఉదయం జెండా. 1948లో నిజాం కాల్పులు ఆపమన్న రోజు. ఈ రోజు పేరు ప్రభుత్వాన్ని బట్టి మారుతూ వస్తోంది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది, కేంద్రం విమోచన దినమంది. ఇప్పుడు ప్రజాపాలన దినోత్సవం. పిల్లల ఇళ్లలోనూ తలా ఒక పేరు. ఈ పాఠం చెప్పేటప్పుడు పంతులుకు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలనిపిస్తుంది, చాలామంది పుస్తకంలో ఉన్నది చదివి ఊరుకుంటారు. నాకు మాత్రం ఇలాంటి పాఠానికే పత్రాలు ఎక్కువ అవసరమనిపిస్తుంది. నా మాట మీద నమ్మకం ఉండక్కర్లేదు, కాగితం మీద ఉండొచ్చు.

సెప్టెంబరు 18, బుధవారం

ఎనిమిదో తరగతికి తేదీల వరుసలో పత్రాల సంగతులు ఇచ్చాను. 1947 జూన్: బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయాక తాను స్వతంత్రుణ్ణవుతానన్న నిజాం ఫర్మానా. 1947 నవంబరు 29: యథాతథ ఒప్పందం. 1948 సెప్టెంబరు 17: ప్రభుత్వం రాజీనామా చేసిందని, కాల్పులు ఆపమన్నానని, రజాకార్లను నిషేధించానని, యూనియన్ సైన్యం బొల్లారం, సికింద్రాబాదులకు రావచ్చని నిజాం తెలియజేసిన సందేశం. మర్నాడు జనరల్ ఎల్ ఎడ్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోవడం. 1949 నవంబరు: భారత రాజ్యాంగమే హైదరాబాద్ రాజ్యాంగమన్న నిజాం ప్రకటన. 1950 జనవరి 26: అదే నిజాం రాజప్రముఖ్.

ఒకటే పని ఇచ్చాను. హైదరాబాద్ రాజ్యం ఏ రోజున ముగిసింది? మీకు తోచిన తేదీ చుట్టూ గీత గీసి, కారణం రాయండి.

మూడు తేదీలకు మూడు గుంపులు తయారయ్యాయి. సైన్యం లొంగిన రోజే అన్నవాళ్లు ఎక్కువ. రాజ్యాంగం ఒప్పుకున్న రోజన్నవాళ్లు కొద్దిమంది, కానీ గట్టిగా నిలబడ్డారు. చివరికి ఒక పిల్ల, "మా తాతకు మాత్రం దొర గడీ దిగినరోజే సార్" అంది. జాగీర్లు రద్దయింది 1949 ఆగస్టులో. ఆమె తాత చెప్పే రోజు ఏ పత్రంలోనూ లేదు, ఆ ఊళ్లో ఉంది. తాతను అడిగి, ఆయన మాటల్లోనే, నువ్వు సరిదిద్దకుండా రాసుకురమ్మన్నాను. అది కూడా ఆధారమే. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎన్నేళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పారు అన్నవి పైన రాయాలి.

పదో తరగతికి ఇంకో మాట చెప్పాను. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో రజాకార్లు చేసిన హత్యల గురించి మన పిల్లలందరికీ తెలుసు, తెలియాలి కూడా. సైనిక చర్య తర్వాత మరాఠ్వాడా తదితర ప్రాంతాల్లో ముస్లింల మీద జరిగిన హింస గురించి పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తిరిగి చూసి నివేదిక రాశారు. అది దశాబ్దాల పాటు ప్రజల ముందుకు రాలేదు. పత్రం ఉండడం వేరు, పత్రం తెరిచి ఉండడం వేరు. నా తరగతిలో రెండు రకాల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలూ పక్కపక్కనే కూర్చుంటారు. వాళ్లకు సగం చెప్పి పంపే హక్కు నాకు లేదు.

అక్టోబరు 22, మంగళవారం

దసరా సెలవుల్లో హెడ్మాస్టర్ గారి గది బీరువా సర్దుతుంటే అడుగున పాత అడ్మిషన్ రిజిస్టరు దొరికింది. మొదటి పేజీలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాల్లో ఉన్నాయి. కొన్నేళ్ల తర్వాత అదే గడుల్లో తెలుగు, తేదీలు ఇంగ్లిషు నెలల్లోకి మారాయి. పాలన మారిందనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది!

ఉర్దూ పేజీలు చదవడానికి మసీదు వీధిలో ఉండే మౌల్వీ సాబ్‌ను బతిమాలి తీసుకొచ్చాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో గడీ చదువుతుంటే, పిల్లలు ఫసలీకి నెలను బట్టి 590 లేదా 591 కలుపుకుంటూ పోయారు. నెలల పేర్లు ఆయన నోటినుంచి విని రాసుకున్నారు: ఆజర్, దై, బహమన్, ఇస్ఫందార్. తీర్, అమర్దాద్ వచ్చేసరికి ఆయనే చిన్నప్పటి ఎండాకాలం కబుర్లలో పడ్డారు, మేమూ విన్నాం.

అయితే ఒక చిక్కుంది. రిజిస్టరులో కులం గడి ఉంది. ఆ రోజుల్లో రాసిన తీరు ఇవాళ చదివితే గాయపరుస్తుంది. ఆ పేర్లలో కొందరు ఇదే తరగతిలోని పిల్లల తాతలు. గడి దాచేస్తే, ఎవరు బడికి వచ్చారు, ఎవరు రాలేదన్న అసలు సంగతే పోతుంది. ఉన్నదున్నట్టు చూపిస్తే ఒక పిల్లవాడు తలదించుకోవలసి వస్తుంది. పేర్లున్న గడి మీద కాగితం అంటించి, మిగతావి తెరిచి ఉంచాను. పిల్లలు లెక్క తీశారు. ఆడపిల్లలు ఒక పేజీలో ఒకరో ఇద్దరో. దళిత కులాల పిల్లలు మొదటి పేజీల్లో అసలు లేరు, తర్వాత ఒక్కొక్కరుగా కనిపించారు, రెండో తరగతి దాటకుండానే మానేశారు. మానేసిన కారణం గడిలో చాలాచోట్ల ఖాళీ. కొన్నిచోట్ల 'వ్యవసాయం' అని ఉంది.

"వ్యవసాయం అంటే వెట్టికి పోయిండ్రా సార్?" అని ఒకడు. రాసిన పంతులు ఆ మాట రాయలేదు. రాయలేకపోయాడా, రాయాలనుకోలేదా, అసలు సంగతి అది కాదా? ఊళ్లో పెద్దల్ని అడగాలి. ఈ పని సంక్రాంతికి.

నవంబరు 1, శుక్రవారం

నిన్న దీపావళి, సగం తరగతి రాలేదు. పదో తరగతిలో వచ్చినవాళ్లతోనే మొదలుపెట్టాను. తారీఖు కుదిరింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు.

ఒకే ఒక్క వాగ్దానాన్ని పట్టుకుని కాగితం నుంచి కాగితానికి నడవడం ఇవాళ్టి పని. మొదట రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం నివేదిక, 1955. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్. తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలని వాళ్ల సిఫారసు. తర్వాతది 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం. అటు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. ఇటు బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ఎనిమిది సంతకాలు. పిల్లలు మొదట గమనించింది: ఒక్క ఆడమనిషి సంతకం లేదు. రెండోది: ఇది చట్టమా, మాటా?

మాటే. దాన్ని పట్టుకుని నడిచాం. తెలంగాణలో ఉద్యోగాలకు 12 ఏళ్ల స్థానిక నివాసం ఉండాలని ఒప్పందంలో ఉంది. 1957లో పార్లమెంటు ఆ నివాస నిబంధనకు చట్టం చేసింది. 1969 మార్చిలో సుప్రీంకోర్టు తెలంగాణకు సంబంధించిన భాగం చెల్లదంది. అదే ఏడాది విద్యార్థులు రోడ్ల మీద ఉన్నారు. ఉప ముఖ్యమంత్రి సంగతి ఇంకా తొందరగా తేలిపోయింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలని రాసుకున్నారు, 1956 తొలి మంత్రివర్గంలో ఆ పదవే లేదు.

ఆంధ్ర వైపు నుంచి కూడా చదవాలని ఒక పిల్లవాడే అన్నాడు. వాళ్లమ్మది గుంటూరు జిల్లా. ఆంధ్ర వాళ్లు కర్నూలులో డేరాల్లో ఆఫీసులు పెట్టుకుని నడిపించారని అమ్మమ్మ చెప్పిందట. 1953లో మద్రాసు వదిలి వచ్చిన రాష్ట్రం అది. ఆ కష్టం తెలియకుండా వాళ్లకు హైదరాబాద్ ఎందుకు కావాల్సి వచ్చిందో అర్థం కాదు. వచ్చే వారం ఆ పత్రాలు వెతకాలి. రెండు రాష్ట్రాలయ్యాక రెండు వైపులా పుస్తకాల్లో రెండో వైపు పలచబడుతోంది. పిల్లలకు అది నష్టం.

నవంబరు 11, సోమవారం

రాష్ట్ర ప్రభుత్వం చేయిస్తున్న ఇంటింటి కుల సర్వే నడుస్తోంది. ప్రాథమిక బడి పంతుళ్లు మధ్యాహ్నం నుంచి ఫారాలు పట్టుకుని తిరుగుతున్నారు. 75 ప్రశ్నలు. ఖాళీ ఫారం ఒకటి తరగతికి తెచ్చాను. "వందేళ్ల తర్వాత దీన్ని చదివేవాళ్లకు మనూరి గురించి ఏం తెలుస్తుంది? ఏం తెలియదు?" ఆస్తి తెలుస్తుంది, కులం తెలుస్తుంది, వలసపోయినవాళ్లు తెలుస్తారు. వానలు పడ్డాయో లేదో తెలియదు, పండుగెట్లా చేసుకున్నామో తెలియదు, అమ్మ రోజూ ఎన్ని గంటలు పనిచేస్తుందో తెలియదు. చివరిది చెప్పింది మగపిల్లవాడే.

2025 జనవరి 17, శుక్రవారం

సెలవు ఆఖరి రోజు. హైదరాబాద్‌లో, తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలో. షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కను కాగితాలు లక్షకు పైగా ఉన్న చోటు ఇది. దేశంలో మొఘల్ పాలనా కాగితాలు ఇంత పెద్ద మొత్తంలో ఒకేచోట ఉండడం అరుదు. పారశీకం నాకు రాదు. అక్కడివాళ్లు దయతో వివరించారు.

నన్ను నిలబెట్టేసినవి అర్జ్-ఒ-చెహ్రాలు. సిపాయిల, గుర్రాల గుర్తింపు కాగితాలు. మనిషి పేరు, తండ్రి పేరు, తెగ, ఒంటి రంగు, నుదురు, కనుబొమలు, మచ్చలు. కింద గుర్రం రంగు, ముద్ర. ఒకరి బదులు ఇంకొకరిని చూపించి జీతం కాజేయకుండా ఈ ఏర్పాటు. ఏ చరిత్రలోనూ పేరెక్కని మనిషి ముఖం మూడున్నర శతాబ్దాలు కాగితం మీద ఉండిపోయింది. మన పదో తరగతి పిల్లల హాల్ టికెట్ల వెనక ఉన్న నామినల్ రోల్స్‌లో రెండేసి పుట్టుమచ్చలు రాస్తాం, ఎడమ చేతి మీద ఒకటి, కుడి మోకాలి మీద ఒకటి అని. సోమవారం ఆ రెండూ పక్కపక్కన పెట్టి మొదలుపెడతాను.

ఫిబ్రవరి 12, బుధవారం

రిజిస్టరు పాఠం తర్వాత పిల్లలు ఇళ్లలోంచి కాగితాలు తెస్తున్నారు. పెళ్లి పత్రికలు, రేషన్ కార్డులు, ఒక పాత పహాణీ నకలు. ఇవాళ ఒకడు ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా రక్షిత కౌలుదారు సర్టిఫికెట్ తెచ్చాడు. 1950 కౌలుదారీ చట్టం కింద 1970లలో తాతకు వచ్చినది. నేను చేతిలోకి తీసుకునేలోపే, "మా నాయిన ఫొటో తియ్యొద్దన్నడు సార్, కోర్టుల నడుస్తుంది" అన్నాడు.

ఫొటో తీయలేదు. జిరాక్స్ కూడా వద్దన్నాను. తరగతిలో చదవకుండానే కవరులో పెట్టి, సాయంత్రం నేనే వెళ్లి వాళ్ల నాయిన చేతికిచ్చాను. ఆయన కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, భూమి కథ మొత్తం చెప్పాడు. రాసుకోవచ్చా అని అడిగితే, కేసు తేలినాక రాసుకో సార్ అన్నాడు. ఇళ్లలోంచి ఏ కాగితాలు తేవచ్చో, ఏవి తేకూడదో పిల్లలకు రేపే చెప్పాలి. భూమి కాగితాలు, అప్పు నోట్లు, ఆధార్ ఉన్నవి వద్దు.

ఏప్రిల్ 19, శనివారం

ఏడో తరగతి సమ్మెటివ్ పేపర్లు దిద్దుతున్నాను. రుద్రమదేవి పాలన గురించి ఒక ప్రశ్న వచ్చింది. పరీక్షకు ముందురోజు చందుపట్ల అమ్మాయి వచ్చి, "యుద్ధంల చనిపోయిందని రాయాల్నా, తెల్వదని రాయాల్నా సార్?" అని అడిగింది. పుస్తకంలో ఉన్నది రాయి, కిందే నీకు తెలిసిన ఆధారం రాయి అన్నాను.

ఆమె రాసింది: అంబదేవుడితో యుద్ధంలో మరణించిందని చరిత్రకారులు అంటారు. చందుపట్ల శాసనంలో శివలోకానికి వెళ్లిందని మాత్రమే ఉంది, తేదీ ఉంది. త్రిపురాంతకం శాసనంలో సేనాని పేరుంది, రాణి పేరు లేదు. రెండూ కలిపి చదివితే యుద్ధమని అనిపిస్తుంది, ఇంకో శాసనం దొరికితే తెలుస్తుంది.

పై నుంచి వచ్చిన సమాధాన పత్రంలో మొదటి వాక్యానికే మార్కులున్నాయి. మిగతా మూడింటికీ కూడా వేశాను. ఆమె పేపరును ఇంకో ఇద్దరి పేపర్లతో కలిపి విడిగా పెట్టాను. ఆ ఇద్దరూ ఆమెతో ఏకీభవించలేదు, వాళ్ల కారణాలూ బాగున్నాయి. జూన్‌లో ఎనిమిదో తరగతికి వచ్చాక మొదటి రోజున ఆ ముగ్గురి చేతా చదివించాలి.